జర్మనీ కుటుంబ వీసాకు కన్సల్టెన్సీ అవసరమా?

జర్మనీలో బ్లూ కార్డుపై (ఉన్నత విద్యార్హతలున్న విదేశీ నిపుణులకు ఇచ్చే నివాస అనుమతి) ఉద్యోగం చేస్తున్న మా వారి వద్దకు వెళ్లేందుకు దరఖాస్తు చేస్తూ హైదరాబాద్‌లోని ఒక వీసా కన్సల్టెన్సీని ఆశ్రయించాను. ఇదే పద్ధతిలో నడిచే సంస్థలు నగరంలో చాలా ఉన్నందున పేరు చెప్పడం లేదు.

వారు నిజంగా బాగా చేసిన పని పత్రాల పరిశీలన. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరుతో సహా అంతా రెండో గడిలో ఉంది. సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన వివాహ ధ్రువపత్రంలో మాత్రం ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉంది. మన రాష్ట్రాల వారికి ఇది మామూలే అయినా, పరాయి దేశపు అధికారికి ఇద్దరు వేర్వేరు మనుషులుగా కనిపించే ప్రమాదం ఉందని వారు వెంటనే గుర్తించి, నోటరీ అఫిడవిట్ సిద్ధం చేయించారు. ఫైలు చూసిన ఉద్యోగిని ఓపికను మెచ్చుకోవాలి.

మిగిలిన సలహాల విషయంలో అంత సంతృప్తి లేదు. తమ అనుబంధ శిక్షణ కేంద్రంలో జర్మన్ భాష ఏ1 (తొలి స్థాయి) కోర్సు చేరితే తప్ప వీసా రాదన్నారు. జీవిత భాగస్వామిగా వెళ్లేవారికి చాలా సందర్భాల్లో ఏ1 ధ్రువపత్రం అవసరమే గానీ, బ్లూ కార్డుదారుల భాగస్వాములకు చట్టమే ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చింది. భాష నేర్చుకోవడం మంచిదే, అది వేరే మాట. వివాహ పత్రానికి అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లేలా వేయించే ధ్రువీకరణ ముద్ర) చేయిస్తామంటూ మరో రుసుము కూడా చూపించారు. భారత్ అపోస్టిల్ ఒప్పందంలో చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం తెలిపినందున, ఇక్కడి అపోస్టిల్‌కు అక్కడ గుర్తింపు లేదు. రెండింటినీ నిరాకరించాను.

పెద్దలకు వీసా రుసుము 75 యూరోలు, మైనర్లకు అందులో సగం. కన్సల్టెన్సీ రుసుము దీనికి కొన్ని రెట్లు ఉంది. జర్మనీ విదేశాంగ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో 2025 నుంచి ఈ దరఖాస్తును స్వయంగా నింపి, పత్రాలను అక్కడే అప్‌లోడ్ చేసుకోవచ్చు. ప్రశ్నలు సూటిగానే ఉంటాయి. ఇక ‘త్వరగా తెప్పిస్తాం’ అన్న హామీకి ఆధారమే లేదు. ఇలాంటి దరఖాస్తుల్లో సాధారణంగా భర్త లేదా భార్య నివసించే ఊరి విదేశీయుల కార్యాలయం అంగీకారం కూడా చూస్తారు. ఆ కార్యాలయంపై హైదరాబాద్‌లో కూర్చున్న వారెవరికీ పట్టు ఉండదు.

పేర్లలో తేడాలున్నవారు పత్రాల పరిశీలన వరకే మాట్లాడుకుని, రసీదు తీసుకోవడం మేలు. పత్రాలన్నీ సరిగా ఉన్నవారికి ఈ ఖర్చు దండగ.

ప్రకటనలో ‘రెసిడెన్స్ పర్మిట్ పూర్తి సేవ’ అని ఉన్నా, వారి పని పాస్‌పోర్టులో వీసా అంటించడంతోనే ముగుస్తుంది. అసలు నివాస అనుమతి కార్డు జర్మనీ చేరాకే వస్తుంది: ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా చిరునామా నమోదు చేయించుకుని, ఆపై విదేశీయుల కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. ఆ అపాయింట్‌మెంట్ గురించి అడిగితే, అది తమ పరిధిలోకి రాదని చెప్పారు. అక్కడి పనంతా మా వారే చూసుకున్నారు.