మాసాయి అమ్మాయి చదువు: హాస్టల్ స్కాలర్‌షిప్పా, ఊరిని ఒప్పించి డే స్కూలా?

పశువుల మీద బతికే మాసాయి తెగ ఉండే కెన్యాలోని నరోక్, కజియాడో కౌంటీల్లో (జిల్లాల్లాంటివి) అమ్మాయిని చదివించడానికి ఈ రెండు దారులూ ఉన్నాయి.

హాస్టల్‌లో ఉంటే నీళ్లు మోసే పని, మైళ్ల నడక తప్పుతాయి. స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్లు ఫీజును 50:30:20 చొప్పున మూడు టర్ములకు నేరుగా స్కూలు ఖాతాలోనే వేయాలి. ఇంటివాళ్ల చేతికిస్తే కరువులో పశువుల మేతకు పోతుంది. అయినా పిల్ల ఆగిపోయేది చాలాసార్లు పరుపు, ట్రంకుపెట్టె, ప్యాడ్లు, బస్సు చార్జీల దగ్గర. స్కాలర్‌షిప్పులో వీటిని మరిచిపోతారు! ఇక డిసెంబరు సెలవులు. 2011 కెన్యా చట్టం నిషేధించినా చాటుగా ఆడపిల్లకు సున్తీ (జననాంగాల కోత), వెంటనే పెళ్లి జరిగే ప్రమాదం అప్పుడే ఎక్కువ.

డే స్కూలు చవక. 2008 నుంచి సెకండరీ ట్యూషన్ ఫీజు ప్రభుత్వానిదే. యూనిఫారం, మధ్యాహ్న భోజనం ఇంటివాళ్లు చూసుకోవాలి. తల్లి ఒప్పుకుంటే సరిపోదు, పెళ్లి మాట, పిల్లకు బదులు వచ్చే ఆవుల లెక్క తేల్చేది తండ్రి, ఊరి పెద్దలు. మోరాన్ కుర్రాళ్లనీ (తెగలోని యువ యోధులు) కూర్చోబెట్టి మాట్లాడాలి. సున్తీ కాని పిల్లను చేసుకోమంటే మొదట మొండికేసేది వాళ్లే.

డబ్బు తక్కువైతే హాస్టల్ సీట్లు తగ్గించి, డిసెంబరు సెలవుల్లో అమ్మాయిలు ఇంటికి వెళ్లకుండా ఉండే శిబిరం పెట్టడం మేలు.