శివరాత్రి దాటాక బెజవాడలో ట్రయథ్లాన్ సాధన: బస, రోడ్డు, ఈతకొలను

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ తర్వాత బెజవాడలో వచ్చే మొదటి వేడి రోజు సాధనకు మంచిదే, కాకపోతే పొద్దున ఎనిమిదిన్నర దాకానే. అందుకే ఇక్కడ గది, రోడ్డు, కొలను దేన్నయినా గడియారం చూసే ఎంచుకోవాలి. స్ప్రింట్ ట్రయథ్లాన్‌లో, అంటే పొట్టి దూరాల పోటీలో, వరుస 750 మీటర్ల ఈత, 20 కి.మీ. సైకిలు, 5 కి.మీ. పరుగు. సాధన రోజున మాత్రం ఈతను చివరికి నెట్టేయండి. కొలను తలుపు తెరిచే దాకా కూర్చుంటే చల్లటి వేళ చేజారిపోతుంది. సైకిలు దిగి వెంటనే పరిగెత్తే అలవాటు ఎలాగూ తప్పదు, ఒళ్ళు కాలాక నీళ్ళలో దిగడం హాయిగానూ ఉంటుంది.

బస సంగతి ముందు. బెంజి సర్కిల్ వైపు హోటళ్ళలో గదులు పెద్దవి, లిఫ్టులో సైకిలు పడుతుంది. కానీ సైకిలు మీద కృష్ణ దాటాల్సిన ప్రకాశం బ్యారేజీ చేరేలోపు సిగ్నళ్ళు వరుసగా తగులుతాయి. గాంధీనగర్, గవర్నరుపేట లాడ్జీలు ఇరుకైనా స్టేషనూ కొలనూ దగ్గర. మా ఓటు వీటికే. నది మధ్యలోని భవానీ ద్వీపం కుటుంబంతో వెళ్ళడానికి బాగుంటుంది. పడవ దాటితే గానీ ఒడ్డు చేరలేం కాబట్టి తెల్లవారుజామున రోడ్డెక్కాలనుకునేవాళ్ళకి పనికిరాదు. గది తీసుకునే ముందు రెండే అడగండి: సైకిలు గదిలో పెట్టుకోనిస్తారా, ఐదింటికి గేటు తీసేవాళ్ళుంటారా. ఉచిత టిఫిను ఏడున్నరకి పెడతామంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. రెండు అరటిపళ్ళు రాత్రే కొని పెట్టుకోండి. ముందురోజు రాత్రి పెరుగన్నంతో సరిపెట్టుకోవడం మేలు. గుంటూరు కారం పరుగులో గుర్తుకొస్తే ఏ మందూ పనిచేయదు.

సైకిలు మీద 5:45కల్లా ముందూ వెనకా లైట్లతో బయల్దేరాలి. బ్యారేజీ మీద రోడ్డు అతుకుల్ని నేరుగా, సీటు మీంచి కాస్త లేచి దాటండి. ఏటవాలుగా దాటితే సన్న టైరు ఇరుక్కుంటుంది. సీతానగరం చేరాక కుడికి తిరిగితే ఉండవల్లి, అక్కణ్ణించి కరకట్ట మీదుగా వెంకటపాలెం, మందడం. కరకట్ట చల్లగా ఉంటుంది కానీ ఇరుకు, ఎదురుగా కారొస్తే అంచుకి దిగాల్సిందే. ఆ అంచులోనే సర్కారు తుమ్మ ముళ్ళుంటాయి. రాజధాని అమరావతి లోపలి సీడ్ యాక్సెస్ రోడ్డు వెడల్పయినది, చదునైనది. నీడ లేదు, టిప్పర్లు రాల్చిన కంకర ఉంటుంది. సైకిలు మీటరులో 10 కి.మీ. చూపగానే వెనక్కి తిరిగితే లెక్క సరి. వెళ్ళేటప్పుడు సూర్యుడు వీపున, వచ్చేటప్పుడు కళ్ళలో. మీ వెనక వచ్చే డ్రైవరుకీ అదే ఎండ కళ్ళలో కొడుతుంది, అందుకే తెల్లారాక కూడా వెనక ఎర్రలైటు ఆర్పకూడదు.

చదును రోడ్డంటే సులువనుకుంటారు. తొక్కడం ఆపి జారే చోటు ఒక్కటీ ఉండదు కాబట్టి తొడలకి విరామమే దొరకదు. పెడళ్ళు నిమిషానికి 85–90 తిప్పులు తిరిగేలా తేలిక గేరులో వెళ్ళండి. 70 కిలోల మనిషికి 25 మి.మీ. టైరులో 85–90 పీఎస్ఐ గాలి చాలు. బిగుతుగా కొడితే కంకర మీద టైరు ఎగిరి పట్టు తప్పుతుంది. పంక్చరైతే కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల వేలితో తడిమి ముల్లు తీసేయాలి, లేదంటే అర కిలోమీటరులో మళ్ళీ అదే కథ. పంక్చరు షాపుల గాలి గొట్టం ప్రెస్టా వాల్వుకి (రేసు సైకిలు ట్యూబుకుండే సన్నటి గాలి మూతికి) పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు, రెండు ట్యూబులు, చేతిపంపు వెంట తెచ్చుకోండి.

మొదటి వేడి రోజు దెబ్బ కొట్టేది పరుగులోనే. సైకిలు మీద గంటకి 30 కి.మీ. వేగంతో తగిలే గాలి చెమట ఆరబెట్టేస్తుంది. 10 కి.మీ. వేగంతో పరిగెత్తేటప్పుడు ఆ గాలి ఉండదు, నది పక్క తేమలో చెమట ఆరదు. ఒంటికి వేడి అలవాటు కావడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. అప్పటిదాకా అదే వేగానికి గుండె ఎక్కువగా కొట్టుకుంటుంది. గుండె లెక్క పట్టుకుని వేగం తగ్గించుకోండి. పరుగు 3 కి.మీ. దగ్గర ఆపినా చాలు. బెజవాడ వైపు నది ఒడ్డునున్న పద్మావతి ఘాట్ పరుగుకి ఏడు లోపల బాగుంటుంది, తర్వాత కాంక్రీటు పెనమే. వణుకు, రోమాలు నిక్కబొడవడం, తల తిరగడం, వీటిలో ఏది కనిపించినా పరుగు ఆపి నీడకి చేరి తల మీద నీళ్ళు పోసుకోవాలి.

తాగడానికి 750 మి.లీ. సీసాలో పావు చెంచా ఉప్పు, 40 గ్రాముల చక్కెర, నిమ్మరసం కలుపుకోండి. గంటకొకటి సరిపోతుంది. కొబ్బరినీళ్ళు మంచివే కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటతో పోయేది ప్రధానంగా సోడియం. కాబట్టి తిరిగొచ్చాక ఉప్పు మజ్జిగే మేలు.

ఈతకి గాంధీనగర్‌లోని సర్ విజ్జీ మునిసిపల్ కొలను అందుబాటులో ఉంది. బ్యాచ్ వేళలు ముందురోజే కనుక్కోండి, నైలాన్ దుస్తులూ టోపీ తీసుకెళ్ళండి. కొలను పొడవు 25 మీటర్లయితే 30 పొడవులు, 50 అయితే 15. గోడని గట్టిగా తన్నొద్దు, పరుగెత్తి వచ్చిన పిక్కలు అక్కడే పట్టేస్తాయి. ఏప్రిల్, మేలో పిల్లల వేసవి శిక్షణతో కొలనులు కిక్కిరిసిపోతాయి. కాబట్టి తీరిగ్గా ఈదుకోవడానికి మార్చే నయం. కృష్ణలో ఒంటరిగా దిగొద్దు. బ్యారేజీ గేట్లు మూసి ఉన్నా ఇరుపక్కలా కాలువల తూములు నీళ్ళు లాగుతూనే ఉంటాయి, పైకి నిశ్చలంగా కనిపించే నీళ్ళు మనిషిని అటు తీసుకుపోతాయి.

కొండ ఎక్కే సాధన కావాలంటే బెజవాడ వదిలి గుంటూరులో బస చేయండి. కొండవీడు ఘాట్ రోడ్డు అక్కణ్ణించి తేలికగా అందుతుంది. దిగేటప్పుడు బ్రేకు పట్టే ఉంచితే రిమ్ములు వేడెక్కుతాయి. మలుపుకి ముందు గట్టిగా నొక్కి వదిలేయాలి. సైకిలు మీద పళ్ళ సంచి వేలాడదీయకండి, కోతులుంటాయి.