ఎక్స్‌కామ్ 2 ఇన్నేళ్లు ఆడాక, మూడో భాగంలో నేను కోరుకునేది

2016 ఫిబ్రవరిలో వచ్చిన ఎక్స్‌కామ్ 2 అనే టర్నులవారీ వ్యూహాల కంప్యూటర్ గేమ్ ఇంకా నా లాప్‌టాప్‌లో ఉంది. ఆ తర్వాత ఎన్నో గేమ్స్ ఎక్కించాను, తీసేశాను. దీన్ని తీసెయ్యడానికి మాత్రం మనసొప్పలేదు. మూడో భాగం గురించి, దీన్ని తయారుచేసిన ఫిరాక్సిస్ సంస్థ నుంచి ఏదైనా కబురు వస్తుందేమోనని నాలాంటివాళ్లు చాలామంది ఎదురుచూస్తున్నారు. అది ఎలా ఉండాలో చెప్పాలంటే, రెండో భాగం మమ్మల్ని ఎక్కడ కట్టిపడేసిందో, ఎక్కడ పట్టు వదిలేసిందో ముందు చెప్పాలి.

ఆడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. గ్రహాంతరవాసులు గెలిచేశారు. అడ్వెంట్ అనే ప్రభుత్వం పేరుతో ఇరవై ఏళ్లుగా భూమిని ఏలుతున్నారు. వాళ్ల దగ్గర కొట్టేసిన ఓడనే అవెంజర్‌గా మార్చుకుని, అందులో తలదాచుకుంటూ మనం తిరుగుబాటు నడపాలి. మిషన్‌కి మొదట్లో నలుగురినే పంపగలం, తర్వాత ఆరుగురిని. పాత సిరీస్‌ని కొత్తగా మొదలుపెట్టిన 2012 నాటి మొదటి ఆటలో మనుషులు ఓడిపోయారనే లెక్కతో రెండోది మొదలుపెట్టడం చాలా ధైర్యమైన నిర్ణయం. ఆట నియమాలన్నీ ఆ ఓటమిలోంచే పుట్టుకొచ్చాయి. ఓడినవాళ్లం కాబట్టి చాటుగా వెళ్తాం, మొదటి దెబ్బ మనమే కొడతాం, బలగాలు దిగేలోపు బయటపడతాం.

ఆ మొదటి దెబ్బ రుచి నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఒకరిని ఇంటి కప్పు మీదకి ఎక్కించి, ఇద్దరిని ఓవర్‌వాచ్‌లో (శత్రువు కదిలితే కాల్చేలా కాపు) పెట్టి, నాలుగో మనిషితో గ్రెనేడ్ వేయిస్తాం. గోడ కూలుతుంది, మిగిలినవాళ్లు కవర్ కోసం పరిగెడతారు, పరుగు మధ్యలోనే మనవాళ్ల తుపాకులు పేలతాయి. అన్నీ కుదిరితే గుంపు మొత్తం ఒక్క టర్నులో నేల కూలుతుంది.

కుదరనప్పుడే అసలు ఆట. ఈ మధ్య ఆడిన క్యాంపెయిన్‌లో వైపర్ అనే పాములాంటి గ్రహాంతరజీవి ఒకటి నాలుక చాచి నా స్పెషలిస్టుని కవర్‌లోంచి లాగి చుట్టేసింది. షార్ప్‌షూటర్‌కి డెబ్బై శాతం ఛాన్స్ చూపిస్తోంది. రేంజర్ కత్తితో దూకితే పని ఖాయంగా అయ్యేలా ఉంది. కానీ ఆమె దూకే చోటు నుంచి కొత్త గుంపు కంటపడే ప్రమాదం ఉంది. మిషన్ గడువు రెండు టర్నులే మిగిలింది. టెన్షన్‌తో చాలాసేపు మౌస్ కదపలేదు. చివరికి రేంజర్‌నే పంపాను. వైపర్ చచ్చింది, స్పెషలిస్టు బతికాడు, అనుకున్నట్టే అవతలి గుంపు లేచింది, రేంజర్ వెనక్కి రాలేదు. ఆమెకి మా అక్క పేరు పెట్టుకున్నాను. అవెంజర్ బార్‌లో గోడ మీద ఫొటో కనబడినప్పుడల్లా ఇప్పటికీ బాధేస్తుంది. ఐరన్‌మ్యాన్‌లో ఆడితే ఒక్కటే సేవ్ ఫైలు, జరిగింది జరిగినట్టే ఉంటుంది. మూడో భాగంలో ఏం మార్చినా ఈ ఒక్కటీ ముట్టుకోకూడదు. ఇదే సిరీస్‌లో 2020లో వచ్చిన కైమెరా స్క్వాడ్‌లో పేర్లు, స్వభావాలు ముందే రాసిపెట్టిన ఏజెంట్లు ఉంటారు, ఒకరు చనిపోతే మిషన్ ఓడినట్టే. ఆ పాత్రల మాటలు బాగుంటాయి. కానీ నేను పేరు పెట్టి, నేను పెంచుకున్న మనిషి కాదు కదా.

ఇక నా అసలు ఫిర్యాదు. పులి మేక ఆడినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఎక్స్‌కామ్ మొదట్లో మనవి మేకలు, ఒకరికొకరు కాపు కాసుకుంటూ దారులు మూసుకుంటూ బతకాలి. ఆట సగం దాటేసరికి మనమే పులులమైపోతాం, అవతలివాళ్లకి దారులు మూయడం చేతకాదు. రెండో భాగానికి ఎక్స్‌పాన్షన్‌గా వచ్చిన వార్ ఆఫ్ ది చోజెన్‌లో రీపర్ అనే సైనికుడికి బ్యానిష్ అనే నైపుణ్యం వస్తుంది. మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకా ఒకే గురి మీద కాలుస్తూనే ఉంటాడు. తుపాకీకి పెద్ద మ్యాగజైన్ తగిలిస్తే సెక్టోపాడ్ లాంటి భారీ యంత్రం కూడా అతని ఒక్క చర్యకే కూలిపోవచ్చు. షార్ప్‌షూటర్‌కి సీరియల్ అనే నైపుణ్యం ఉంటే చంపిన ప్రతిసారీ ఇంకో షాట్ దొరుకుతుంది. శత్రువు తన వంతు చూడకముందే మిషన్ అయిపోతోంది. మొదట్లో ఊపిరి బిగబట్టించిన ఆట, చివరి మూడో వంతులో లాంఛనంగా మారిపోతుంది. కష్టం పెంచితే మొదటి నెలలు ఇంకా దారుణమవుతాయి, చివర మాత్రం అలాగే ఉంటుంది.

దీనికి మందు శత్రువుకి ఆరోగ్యం పెంచడం కాదు. శత్రువు మనల్ని చూసి నేర్చుకోవాలి. ఎప్పుడూ చాటుగా దాడి చేస్తుంటే గస్తీ పద్ధతి మార్చాలి, స్నైపర్ మీదే ఆధారపడితే పొగ వేసి ముందుకు రావాలి. ఈ దిశలో అడుగులు ఇప్పటికే పడ్డాయి. 2017 ఆగస్టులో వచ్చిన వార్ ఆఫ్ ది చోజెన్‌లో అసాసిన్, హంటర్, వార్‌లాక్ అనే ముగ్గురు ప్రత్యేక శత్రువులు మన సైనికుల్ని ఎత్తుకుపోతారు, వాళ్లని విడిపించుకోవడానికి వేరే మిషన్ వెయ్యాలి. అదే ఏడాది జనవరిలో పవోనిస్ బృందం చేసిన లాంగ్ వార్ 2 అనే మోడ్‌లో (అసలు ఆటని బయటివాళ్లు మార్చి చేసిన రూపం) ఒక ప్రాంతంలో మన అలజడి ఎక్కువైతే అక్కడ అడ్వెంట్ నిఘా పెరుగుతుంది. మోడ్ చేసినవాళ్లకి సాధ్యమైనది అసలు ఆటలో ఉండాలని అడగడం అత్యాశ కాదు.

శత్రువులు పాడ్స్ అనే చిన్న గుంపులుగా తిరిగే పద్ధతి కూడా మారాలి. పక్క వీధిలో గ్రెనేడ్ పేలి ఇల్లు కూలుతున్నా, మనం కంటపడలేదని ఇంకో గుంపు తాపీగా నడుస్తూ ఉండటం నాకు మింగుడుపడదు. చప్పుడు వినబడిన దూరాన్ని బట్టి వాళ్లు కదిలితే ప్రతి గ్రెనేడూ ఒక నిర్ణయం అవుతుంది. అభిమానుల్లో సగం మంది తిట్టే టర్నుల గడువు మీద నాకంత కోపం లేదు. అది లేకపోతే అందరం అడుగుకో ఓవర్‌వాచ్ పెట్టుకుంటూ పాకుతాం. పైగా వార్ ఆఫ్ ది చోజెన్‌లో గడువు పెంచుకునే ఆప్షన్ ఇచ్చారు, అది చాలు.

రెండో భాగం ముగింపులో సముద్రం అడుగున ఏదో వెలుగుతూ కనిపిస్తుంది. పాత ఎక్స్‌కామ్ సిరీస్‌లో 1995 నాటి టెర్రర్ ఫ్రమ్ ది డీప్ ఆడినవాళ్లు దాన్ని చూడగానే లేచి కూర్చున్నారు. ఆ పాత ఆటలో కొన్ని ఆయుధాలు నీళ్లలోనే పనిచేసేవి, నేల మీదకి వస్తే దండగ. ఈ ఒక్క నియమం తిరిగొస్తే చాలు, దళాన్ని సర్దే ప్రతిసారీ ఏది తీసుకెళ్లాలి, ఏది వదలాలి అన్న మీమాంస చివరి మిషన్ దాకా నిలుస్తుంది. 2012 నుంచి ఈ సిరీస్‌ని నడిపించిన జేక్ సాలమన్ 2023లో ఫిరాక్సిస్ వదిలి వెళ్లారు కాబట్టి కొంచెం బెంగ ఉంది. ఎవరు చేసినా మొదటి రోజు నుంచే మోడ్స్‌కి తలుపు తెరిచి ఉంచాలి.

ఈలోగా రెండోది ఆడాలనుకునేవాళ్లు వార్ ఆఫ్ ది చోజెన్‌తో కలిపే కొనండి. డిస్కౌంట్ తరచూ వస్తుంది, ఆగితే నష్టం లేదు. ఏలియన్ రూలర్స్ అనే బలమైన శత్రువులు ఉన్న డీఎల్‌సీని (ఆటకి విడిగా వచ్చే అదనపు భాగం) మొదటిసారి ఆపేసుకోండి. మనవాళ్లు చేసే ప్రతి చర్యకీ వాళ్లు స్పందిస్తారు, కొత్తవాళ్లకి అది భరించలేని బరువు. వెటరన్ స్థాయిలో మొదలుపెట్టండి, ఐరన్‌మ్యాన్ రెండో క్యాంపెయిన్‌కి ఉంచుకోండి. క్యారెక్టర్ పూల్‌లో మీ స్నేహితుల పేర్లు ముందే ఎక్కించి పెట్టుకోండి, రిక్రూట్లుగా వాళ్లే వస్తారు.