టీచర్లకి ఏ కళ మేలు: నాటకమా, సంగీతమా, బుర్రకథా?

బీఎడ్ అయిపోయి కొత్తగా స్కూల్లో చేరినవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే. "మేడమ్, క్లాసు బాగా చెప్పాలంటే ఏదన్నా ఆర్ట్ నేర్చుకోమంటున్నరు, థియేటర్ వర్క్‌షాప్‌కి పోవాల్నా, సంగీతం నేర్చుకోవాల్నా?" అని. 2020 జాతీయ విద్యా విధానం కళల్ని పాఠంతో కలపమని చెప్పాక ఈ ప్రశ్న ఇంకా ఎక్కువైంది. ఒక్కొక్కరికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకసారి వివరంగా రాసేస్తే నయం కదా. నేను చెప్పేది హైస్కూల్ లెక్కలు కాబట్టి ఉదాహరణలు కూడా అక్కడివే వస్తాయి.

పాఠం చెప్పడం కళే, దాంట్లో నాకు పేచీ లేదు. ఏ కళకి దగ్గర అన్న చోటే తేడాలొస్తాయి.

ముందు నాటకం, ఎందుకంటే ఎక్కువమంది చూపు దానిమీదే. హైదరాబాద్‌లో దానికి అవకాశాలు కూడా ఎక్కువే, సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ డిపార్ట్‌మెంట్ ఉంది, రవీంద్ర భారతిలో, లామకాన్‌లో ఏదో ఒక నాటకం ఆడుతూనే ఉంటుంది, 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి వాళ్ళ నాటకాలూ ఇక్కడ చూడొచ్చు. నాటకం టీచర్‌కి ఇచ్చే మొదటి మేలు గొంతు. రోజుకి ఆరు పీరియడ్లు, యాభైమంది పిల్లలు, పైన తిరిగే ఫ్యాన్ల చప్పుడు, వీటన్నిటి మీద అరిచి అరిచి నవంబర్ వచ్చేసరికి గొంతు పోయిన టీచర్లు ప్రతి స్టాఫ్‌రూమ్‌లోనూ ఉంటారు. గొంతులోంచి కాకుండా పొట్టలోంచి ఊపిరి పట్టి మాట్లాడటం, చివరి బెంచీ దాకా మాట వెళ్ళేలా పలకడం, ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు కదలాలి, ఇవి నాటకంవాళ్ళు నేర్పినట్టు ఇంకెవరూ నేర్పరు. గొంతు సమస్య ఉన్నవాళ్ళు ఇంకేం ఆలోచించకుండా ముందు అక్కడికే వెళ్ళండి.

కానీ నాటకంలో ఏం జరగబోతుందో స్టేజి మీదున్న అందరికీ తెలుసు, హాల్లో లైట్లు తీసేస్తారు, ప్రేక్షకుడి మొహం కనపడదు, ఆయన చేయాల్సిందల్లా చూడటమే. క్లాసులో ఇది పనికిరాదు. చాలా బాగా నటించి పాఠం చెప్పే టీచర్లని చూశాను, పిల్లలు కళ్ళప్పగించి చూస్తారు, బెల్ కొట్టాక నోటుబుక్కు తెరిస్తే అందులో ఏమీ ఉండదు. ప్రేక్షకుల్ని కూడా స్టేజి మీదికి పిలిచి కథ మార్చమనే ఫోరం థియేటర్ అని ఒకటుంది, బ్రెజిల్‌కి చెందిన అగస్టో బోవాల్ మొదలుపెట్టింది. అలాంటి వర్క్‌షాప్ దొరికితే మాత్రం వదులుకోవద్దు.

ఇక కర్ణాటక సంగీతం. పాఠాన్ని మెట్లుమెట్లుగా ఎలా కట్టాలో చూడాలంటే సంగీతం క్లాసులో కూర్చోవాలి. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, తర్వాత గీతం, ఆ తర్వాతే వర్ణం, కృతి. ఒకే వరుసని మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, పాడించాక గానీ గురువుగారు పక్క పాఠానికి పోరు. మన సిలబస్ పరుగుకి ఇది ఎంత వేరుగా ఉందో చూడండి. పిల్ల పాడుతున్నప్పుడు గురువు శ్రుతి తప్పిన ఆ ఒక్క స్వరం దగ్గరే ఆపి, అదే పాడి వినిపించి, మళ్ళీ పాడిస్తారు. యూనిట్ టెస్ట్ పెట్టి, పేపర్లు దిద్ది, రెండు వారాల తర్వాత చెప్పే తప్పుకీ దీనికీ పోలికే లేదు.

సంగీతంలో కార్వై అని ఉంటుంది, స్వరాల మధ్య కావాలని ఉంచే వ్యవధి. టీచర్లకి చాలా కష్టమైంది అదే. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో సైన్స్ క్లాసుల్ని రికార్డు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదట, వెంటనే ఇంకో పిల్లని లేపడమో, తామే జవాబు చెప్పేయడమో చేస్తున్నారు. దాన్ని మూడు సెకన్లకి పెంచితే జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా నోరు విప్పనివాళ్ళు కూడా మాట్లాడారు. తాళం వేస్తూ నేర్చుకున్నవాళ్ళకి ఆ మూడు సెకన్ల నిశ్శబ్దం భయం వేయదు. ఇబ్బందల్లా ఒకటే, సంగీతానికి ఏళ్ళు పడుతుంది, జూన్‌లో క్లాసులోకి అడుగుపెట్టేవాళ్ళకి అంత టైమ్ ఉండదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యం, అవతలివాళ్ళ అనుమానానికి ఆ కళలో చోటుందా లేదా అన్నది. ఆ లెక్కన బుర్రకథకి సాటి లేదు. మధ్యలో తంబురా పట్టుకుని కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. వంతలంటే పల్లవి అందుకునేవాళ్ళే అనుకుంటాం, కానీ వాళ్ళ అసలు పని కథని ఆపడం. జనం మనసులో మెదిలే ప్రశ్నని హాస్య వంత అమాయకంగా అడిగేస్తాడు, రాజకీయ వంత దాన్ని ఇవాళ్టి ఊరి సంగతితో ముడిపెడతాడు, కథకుడు వాళ్ళకి జవాబు చెప్తూనే ముందుకి పోతాడు. అక్షరం రానివాళ్ళకి కూడా పెద్ద పెద్ద విషయాలు ఎక్కించగలిగింది ఇందుకే అని నా నమ్మకం. 1940ల్లో ప్రజానాట్యమండలి అనే కళాకారుల సంఘం తరఫున బుర్రకథకుడు షేక్ నాజర్ గారు ఊరూరా తిరిగి చేసింది ఇదే కదా, ఆయనకి 1986లో పద్మశ్రీ ఇచ్చారు.

క్లాసులో ఎలా ఉంటుందో చెప్తాను. 1/2 + 1/3 ఎంత అంటే ఏడో తరగతిలో చాలామంది 2/5 అని రాస్తారు, పైవి పైవి, కిందవి కిందవి కలిపేసి. తప్పు అని కొట్టేసి, కసాగు తీసి 5/6 అని బోర్డు మీద వేస్తే అందరూ ఊ కొట్టి ఎక్కించుకుంటారు, వచ్చేవారం మళ్ళీ 2/5. అందుకే నేను దాన్ని కొట్టేయను. ఒక పిల్లని లేపి, "నువ్వు వంతవి, అనుమానం వస్తే నన్ను ఆపాలి, అదే నీ పని" అంటాను. సగం రొట్టె ఉందన్నాను. ఊ అంది. దానికి ఇంకో మూడోవంతు కలిపామన్నాను. ఊ. మొత్తం రొట్టెలో 2/5 అయిందన్నాను. "ఆగండి మేడమ్, 2/5 అంటే సగం కూడా లేదు కదా, కలిపితే తగ్గుడేంది?" అంది. ఆ తర్వాత కసాగు ఎందుకో నేను చెప్పాల్సిన పనే పడలేదు, ముక్కలు ఒకే సైజుకి రావాలని పిల్లలే అన్నారు.

హరికథ గురించి కూడా అడుగుతారు. ఒక్కరే నిలబడి పాట, మాట, ఆట అన్నీ చేయడం టీచర్ పనికి దగ్గరగానే ఉంటుంది, పిట్టకథలోకి వెళ్ళి మళ్ళీ అసలు కథకి రావడం అక్కడ బాగా నేర్చుకోవచ్చు. హరికథకి పేరుమోసిన ఆదిభట్ల నారాయణదాసు గారు 1919లో విజయనగరం సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ కూడా. కానీ అందులో వంత లేడు. బొమ్మలు వేయడం వస్తే బోర్డు అందంగా ఉంటుంది, అంతవరకే. స్టాండప్ కామెడీతో టైమింగ్ వస్తుంది గానీ క్లాసులో ఎవరో ఒక పిల్లాడి మీదే జోకు పడే ప్రమాదం ఉంది, నేను వద్దనే చెప్తాను.

బుర్రకథ అంటే డక్కీ కొనుక్కోనక్కర్లేదు. కొన్ని కథలు పూర్తిగా చూసి, కథకుణ్ణి కాకుండా వంతల్ని గమనించండి, వాళ్ళు ఏ మాట దగ్గర ఆపుతున్నారో రాసుకోండి. తర్వాత మీ పాఠంలో పిల్లలు ఎక్కడ ఆపాలో ముందే గుర్తు పెట్టుకోండి. మొదట్లో పిల్లలు నోరు మెదపరు, టీచర్‌ని ఆపడం తప్పని వాళ్ళకి చిన్నప్పట్నుంచీ నేర్పాం కాబట్టి. అప్పటిదాకా ఖాళీ పీరియడ్ ఉన్న తోటి టీచర్‌ని ఒక పది నిమిషాలు వెనక బెంచీలో కూర్చోబెట్టి వంత పని చేయించండి, లెక్కలు అస్సలు రాని టీచర్ అయితే మరీ మంచిది.