అనంతపురం జిల్లా భవిత కేంద్రాలు: కాళ్లకు సాయం బాగుంది, మాటకు లేదు

బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు బిగిసే స్థితి) ఉన్న పిల్లలకు మండలంలోనే పైసా ఖర్చు లేకుండా దొరికే సాయం భవిత కేంద్రం. సమగ్ర శిక్ష కింద నడుస్తుంది. స్పెషల్ టీచర్లు, ఆయా ఉంటారు. ఫిజియోథెరపిస్టు వారంలో ఒక రోజు వస్తారు. ఆ రోజు ఏదో ముందే అడిగి తెలుసుకోండి, దాన్ని మాత్రం వదులుకోవద్దు.

అయితే వారానికి ఒక్కసారి సాగదీస్తే బిగిసిన పిక్క సడలదు. ఇంట్లో రోజూ చేయాల్సిందే. అందుకని ఫిజియో చేస్తున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకోండి. మోకాలు చాపి, మడమను అరచేతిలో పట్టుకుని కిందికి లాగుతూ, ముంజేతితో పాదాన్ని పైకి వంచి 30 సెకన్లు ఆపుతారు. చాలా ఇళ్లలో వేళ్ల దగ్గర పట్టి నొక్కుతారు. అప్పుడు పిక్క సాగదు, పాదం నడిమి దగ్గర వంగి ఆకారం చెడుతుంది.

క్యాంపుల్లో ఇచ్చే స్ప్లింట్ల (పాదాన్ని సరైన స్థితిలో పట్టి ఉంచే తొడుగుల) విషయంలో జాగ్రత్త. కొలత తీసుకున్న నెలల తర్వాత అవి చేతికొస్తాయి, ఈలోగా పాదం పెరిగిపోతుంది. తొడిగి తీశాక చర్మం మీద ఎర్రమచ్చ అరగంటలో పోవాలి. పోలేదంటే బిగువైనట్టే, సరిచేయించేదాకా వేయకండి. వికలాంగులకు పరికరాలు ఇచ్చే కేంద్ర పథకం అడిప్‌లో పెద్దలకు మూడేళ్లకోసారి పరికరం ఇస్తారు. 12 ఏళ్లలోపు పిల్లలకు ఏడాదికోసారి అడగొచ్చు. ఈ సంగతి తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు, చెప్పాలి.

భవిత పిల్లల అలవెన్సులు బ్యాంకు ఖాతాలోకి వస్తాయి. ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల స్టైపెండ్ ఉంది. ఆధార్‌లో, బడి రికార్డులో పేరు ఒకేలా లేకపోతే డబ్బు ఆగుతుంది.

పెద్ద లోటు మాట దగ్గరే. ఆటిజం పిల్లలకు ముందు కావలసింది స్పీచ్ థెరపీ, అంటే మాట నేర్పే శిక్షణ. రాయదుర్గం వైపు పల్లెల నుంచి దానికోసం జిల్లా కేంద్రానికి రానూపోనూ ఒక కూలిరోజు పోతుంది. ఎన్ని వారాలు తిరగగలరు? ఫిజియోను వారానికోసారి పంపగలిగినప్పుడు స్పీచ్ థెరపిస్టును పంపడం అసాధ్యమేమీ కాదు. ప్రభుత్వం ముందుగా విస్తరించాల్సింది ఇదే. ప్రైవేటు థెరపీకి వెళ్లేవాళ్లు నేషనల్ ట్రస్ట్ ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా తీసుకోండి: అన్ని ఖర్చులకూ కలిపి ఏటా లక్ష రూపాయల వరకు, ముందు వైద్య పరీక్షలు అక్కర్లేదు. బిల్లు మీరు కట్టి తర్వాత తిరిగి పొందాలి, కాబట్టి అసలు రసీదులు దాచుకోండి. ఏటా మార్చి 31తో పాలసీ గడువు ముగుస్తుంది.

18 నిండితే భవిత తలుపు మూసుకుంటుంది. సదరం (ప్రభుత్వ వైకల్య ధ్రువపత్రం)లో 40 శాతం, ఆ పైన ఉంటే నెలకు 6,000 రూపాయల పింఛను వస్తుంది, పూర్తిగా మంచానికే పరిమితమైతే 15,000. కానీ పగలంతా ఆ పిల్లవాడు ఎక్కడుండాలి? తల్లి పనికెలా పోవాలి? డే కేర్ మండలానికొకటి కావాలి. ఈలోగా 18 నిండగానే కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవల్ కమిటీకి గార్డియన్‌షిప్ (చట్టబద్ధ సంరక్షకులుగా గుర్తింపు) దరఖాస్తు పెట్టండి. అది లేక బ్యాంకు పని, ఆస్తి రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోతున్న కుటుంబాలు చాలా ఉన్నాయి.