పైకప్పులో చిల్లు: 2008 క్రౌన్ విక్టోరియాతో ఏడేళ్ళు

ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా అంటే అమెరికాలో పోలీసులు ఏళ్ళ తరబడి వాడిన కారు. దాని ఇంజను, సైజు, తాగే పెట్రోలు జోలికి పోను. పాత క్రౌన్ విక్టోరియా కొనబోయేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: అది నిజంగా పోలీసుల దగ్గర తిరిగిన బండేనా, కాదా? నా కారు విషయంలో అది తేలడానికి నాలుగేళ్ళు పట్టింది. చివరికి ఒక వాన తేల్చింది.

మన వైపు ఏపీ 18 పీ నంబరు కనబడితే పోలీసు బండని చిన్నపిల్లలు కూడా చెప్పేవాళ్ళు. ఇక్కడ హ్యూస్టన్‌లో బండి మన చేతికి వచ్చేసరికి ప్లేటు, లైట్లు, స్టిక్కర్లు అన్నీ ఊడదీసేసి ఉంటాయి. మిగిలేది అమ్మేవాడి మాటే. నేను మొదట చూసిన 2004 కారుకి నల్లరంగు, ముందు పుష్ బార్ (అడ్డొచ్చినవాటిని తోసే ఇనుప చట్రం), డ్రైవరు పక్కన స్పాట్‌లైటు, డిక్కీ మీద పోలీసు మోడల్ పేరైన పోలీస్ ఇంటర్‌సెప్టర్ బ్యాడ్జి, అన్నీ ఉన్నాయి. విన్ నంబరులో (ప్రతి కారుకీ ఫ్యాక్టరీ ఇచ్చే గుర్తింపు నంబరు) ఐదు, ఆరు, ఏడు స్థానాలు చూస్తే పీ74. అంటే మామూలు జనం కొనుక్కునే ఎల్ఎక్స్ మోడల్. లోపల స్పీడోమీటరు కూడా 120 మైళ్ళ దగ్గరే ఆగిపోయింది, పోలీసు బండికి 140 దాకా ఉంటుంది. బ్యాడ్జి, లైటు ఎవరైనా ఆన్‌లైన్‌లో కొని తగిలించుకోవచ్చు. అమ్మేవాడికి ఆ సంగతి చెప్పి వచ్చేశాను.

రెండోది నేను కొన్నది. తెల్ల బండి, ఒంటి మీద ఏ అలంకారమూ లేదు. విన్‌లో పీ71 ఉంది (2010 నుంచి వచ్చినవాటికి పీ7బీ అని వెతకాలి). 2017లో కొన్న వారానికే, ఇది నూటికి నూరుపాళ్ళు పోలీసు బండి అని మా బావగారికి గట్టిగా చెప్పాను. ఆ మాట అప్పుడే అనకుండా ఉండాల్సింది. పీ71 అంటే ఫ్యాక్టరీలో పోలీసు ప్యాకేజీతో తయారైందని మాత్రమే. ఆ బళ్ళు పోలీసులకే కాదు, వేరే ప్రభుత్వ శాఖలకీ వెళ్ళాయి. నా కారుకి స్పాట్‌లైటు పెట్టిన గుర్తు కూడా లేదు. దాంతో నాలుగేళ్ళు అనుమానంగానే ఉంది.

2021 ఆగస్టులో ఒకరోజు జోరువాన. పక్క సీట్లో కూర్చున్న మా ఆవిడ భుజం మీద ఒక చుక్క పడింది. కాసేపటికి ఇంకోటి. విండ్‌షీల్డ్ చుట్టూ సీలు పోయిందన్నారు ఒక షాపులో. 240 డాలర్లు తీసుకుని కొత్తది వేశారు. తర్వాతి వానకి మళ్ళీ అదే చుక్క, అదే భుజం. చివరికి మా వీధి చివర పనిచేసే ముసలి మెకానిక్ నన్ను పక్కన నిలబెట్టుకుని లోపలి హెడ్‌లైనర్, అంటే పైకప్పుకి లోపల వేసే గుడ్డ పొర, దింపాడు. ముందు మట్టివాసన కొట్టింది. టార్చి వేస్తే, సరిగ్గా పైకప్పు మధ్యలో ముప్పావు అంగుళం గుండ్రటి చిల్లు. దానికి పైనుంచి ప్లాస్టిక్ బిరడా కొట్టి, దాని మీద తెల్లరంగు పూశారు. ఎండకి బిరడా పగిలింది. ముప్పావు అంగుళం అంటే పోలీసులు వాడేలాంటి వైర్‌లెస్ రేడియో యాంటెన్నా బిగించడానికి వేసే చిల్లు కొలత. పక్కనే కత్తిరించి వదిలేసిన కేబుల్ ముక్క, చివర నల్ల టేపు చుట్టి, కారు పైకప్పుని మోసే పక్క స్తంభం వెంట డిక్కీ దాకా దిగింది. ఆ టేపు మీద ఎవరిదో వేలిముద్ర అలాగే ఉండిపోయింది. నేను చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం ఇంటి ముందు కారు కడుగుతుంటే, ఎండ ఏటవాలుగా పడినప్పుడు డ్రైవరు తలుపు మీద అక్షరాల నీడ కనబడింది. స్టిక్కరు ఉన్నంత మేరా రంగు వెలవలేదు. నాలుగేళ్ళుగా రోజూ పట్టుకున్న తలుపే అది. మధ్యాహ్నం ఎండలో ఎంత చూసినా కనబడదు. కొనేటప్పుడు పొద్దునో సాయంత్రమో వెళ్ళి, పక్కనుంచి వంగి చూడండి.

మైళ్ళు తక్కువని అప్పట్లో మురిసిపోయాను. ఆ మాట కూడా సవరించుకోవాలి. కొన్నప్పుడు 94,000 మైళ్ళు. ట్రిప్ బటన్ నొక్కుతూ పోతే ఇంజను గంటల మీటరు వస్తుందని తర్వాత తెలిసింది: 8,900 గంటలు. అంటే సగటున గంటకి పదిన్నర మైళ్ళు. ఇళ్ళలో వాడే కారు అంత నెమ్మదిగా నడవదు. ఇంజను ఆపకుండా రోడ్డు పక్కన గంటలకొద్దీ నిలబడితేనే ఆ లెక్క వస్తుంది. బండి కదలకుండా ఇంజను గంటసేపు నడిస్తే అది సుమారు 33 మైళ్ళ పరుగుతో సమానమని ఫోర్డ్ చెప్పిన లెక్క. గంటకి 30 మైళ్ళ చొప్పున 94,000 మైళ్ళ ప్రయాణానికి సుమారు 3,130 గంటలు తీసేసినా, మిగిలిన 5,770 గంటలకి ఇంకో 1,90,000 మైళ్ళ అరుగుదల. అమ్మే ఎవరూ ఈ మీటరు చూపించరు. చూపించమని మీరే అడగండి.

వెనక తలుపులు లోపలినుంచి తెరుచుకునేవి కావు. అమ్మ నెల్లూరు నుంచి వచ్చినప్పుడు గుడి ముందు ఆపితే, హ్యాండిల్ లాగి లాగి "ఒరే, ఇది రావడం లేదేంట్రా" అంది, గొంతులో కంగారు. నేను దిగి తెరిచేసరికి చెమటలు పట్టేశాయి. మర్నాడే తలుపు ప్యాడ్ విప్పించి లోపలి రాడ్లు వేయించాను. ఇంట్లో పిల్లలో పెద్దవాళ్ళో ఉంటే బండి ఎక్కించేముందే ఈ పని చేయించండి.

కొనమంటారా అని అడిగితే గట్టిగా చెప్పలేను. నాకు ఆఫీసు 11 మైళ్ళు, మంచు అరుదుగా పడే ఊరు, ఇంట్లో ఇంకో నమ్మకమైన కారుంది, నమ్మకమైన మెకానిక్ నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్నాడు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఈపాటికి అమ్మేసేవాణ్ణి. ఇప్పుడు మీటరు 11,060 గంటలు చూపిస్తోంది. ఆ చిల్లు వెల్డింగ్ చేసి పూర్తిగా మూసేస్తానన్నాడు మెకానిక్. నేను ఒప్పుకోలేదు. కొత్త రబ్బరు బిరడా, చుట్టూ సీలెంటు. మూడేళ్ళయింది, చుక్క పడలేదు.