సీజెడ్ 527 వార్మింట్ .223 – తొమ్మిదేళ్లు వాడాక నా మాట

ఈ మధ్య మనవాళ్లు ఇద్దరు ముగ్గురు అడిగారు, ప్రెయిరీ డాగ్స్‌కి (అమెరికా మైదానాల్లో బొరియల్లో బతికే ఉడుత జాతి జంతువులు), గ్రౌండ్ స్క్విరల్స్‌కి (నేల ఉడుతలు) ఏ బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి షాట్‌కీ చేత్తో బోల్ట్ లాగి తూటా ఎక్కించేది) తీసుకోవాలి, ఏ క్యాలిబర్ (తూటా సైజు) అని. నా దగ్గరున్నది సీజెడ్ 527 వార్మింట్ (ఇలాంటి చిన్న జంతువుల కోసం చేసిన రైఫిల్), తూటా .223 రెమింగ్టన్. తొమ్మిదేళ్లయింది, నోట్‌బుక్ లెక్కలో నాలుగు వేల రౌండ్లు దాటాయి. విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాసేస్తున్నా, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నేను మొదట కొన్నది ఇది కాదు, ఒక .22-250 (.223 కన్నా పెద్ద తూటా) రైఫిల్, కంపెనీ పేరు అనవసరం. 55 గ్రెయిన్ (సుమారు మూడున్నర గ్రాముల) బుల్లెట్ సెకనుకి 3600 అడుగుల పైన పోతుందని చదివి అదే ఫిక్స్ అయిపోయా. అంత వేగంగానూ పోయేది, అందులో తప్పు లేదు. కానీ అమెరికాలో సౌత్ డకోటా పడమటి వైపు ఒక ర్యాంచ్‌లో మొదటిసారి కూర్చున్నప్పుడు అర్థమైంది ఈ పని వేరు అని. జింక వేటలా రోజంతా తిరిగితే ఒక్క షాట్ కాదు, పొద్దున్నే కూర్చుంటే మధ్యాహ్నానికి వంద, నూటయాభై రౌండ్లు అయిపోతాయి. నాది సన్న బ్యారెల్, ఇరవై రౌండ్లకే చెయ్యి పెట్టలేనంత కాలింది, స్కోప్ ముందు సెగ లేచి టార్గెట్ నీళ్లలో ఉన్నట్టు కదులుతోంది, గుండ్లేమో ఒక్కోటీ పైకీ కుడికీ జరుగుతూ పోయాయి. .22-250 ఒక్కో షాట్‌కి 35 గ్రెయిన్లకి పైనే పౌడర్ తింటుంది, .223 అయితే 25 చుట్టూ. ఆ పది గ్రెయిన్ల తేడానే బ్యారెల్ వేడిలో, బ్యారెల్ గొంతు (తూటా కూర్చునే చోటుకి సరిగ్గా ముందు భాగం) దగ్గర అరుగుదలలో, కిక్‌లో కనపడుతుంది. కిక్ అంటే భుజం నొప్పి సంగతి కాదు, షాట్ పేలగానే స్కోప్ ఎగిరిపోతే మట్టి ఎటు లేచిందో చూడలేం, అది చూడకపోతే రెండో షాట్‌కి ఏం సరిచేస్తాం చెప్పండి.

527 కి మారాక పెద్ద తేడా ఇక్కడే. లావు బ్యారెల్, 24 అంగుళాలు, స్కోప్‌తో కలిపి తొమ్మిది పౌండ్లకి అటూ ఇటూ ఉంటుంది. బైపాడ్ (రెండు కాళ్ల స్టాండ్) మీద పెట్టి కాలిస్తే గుండు తగలడం నా స్కోప్‌లోనే నాకు కనపడుతుంది. భుజాన వేసుకుని మైళ్లు నడిచేవాళ్లకి ఈ బరువు వద్దు, ఒకచోట కూర్చుని కాల్చేవాళ్లకి మాత్రం ఇదే వరం.

చెక్ రిపబ్లిక్‌లో ఉహెర్స్కీ బ్రోడ్ అనే ఊళ్లో చేసేవాళ్లు దీన్ని. పెద్ద తూటాల కోసం చేసిన యాక్షన్‌లో చిన్న తూటాని ఇరికించలేదు, మౌజర్ (పాత జర్మన్ రైఫిల్) పద్ధతినే .223 సైజుకి కుదించి చేశారు, అందుకే బోల్ట్ రెండు వేళ్లతో వెనక్కి లాగి తోసేంత పొట్టిగా నడుస్తుంది, ఎక్స్‌ట్రాక్టర్ (తూటాని బయటికి లాగే కొక్కెం) తూటా అంచుని మ్యాగజైన్‌లోంచి రాగానే పట్టేసుకుంటుంది. ఇక సెట్ ట్రిగ్గర్. మామూలుగా వెనక్కి లాగి కాల్చొచ్చు, లేదంటే మొదట ట్రిగ్గర్‌ని బొటనవేలితో ముందుకి తోస్తే క్లిక్‌మంటుంది, ఆ తర్వాత అలా తాకితే చాలు పేలిపోతుంది. 250 యార్డుల్లో ఇది ఎంత సాయమో మాటల్లో చెప్పలేను. కానీ క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద నిలబడ్డాకే సెట్ చెయ్యండి, సెట్ చేసిన రైఫిల్‌తో అటూ ఇటూ తిరగడం చాలా ప్రమాదం.

కొనేముందు తెలియాల్సినవి ఇంకో రెండున్నాయి. నా దాంట్లో సేఫ్టీ మిగతా రైఫిల్స్‌కి తిరగేసి ఉంటుంది, వెనక్కి లాగితే ఫైర్, ముందుకి తోస్తే సేఫ్. రెండు రకాల రైఫిల్స్ వాడేవాళ్లు దీన్ని పదేపదే ప్రాక్టీస్ చెయ్యాలి. స్కోప్ రింగులు కూడా ఏవి పడితే అవి పట్టవు, దీని 16 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్‌కి (రైఫిల్ పైన రింగులు బిగించే పట్టా) సరిపోయేవే తీసుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం, ట్విస్ట్. క్యాలిబర్ అడుగుతారు గానీ ఇది ఎవరూ అడగరు. బ్యారెల్ లోపలి గాడి ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతుందో అదే ట్విస్ట్. పాత .223 వార్మింట్ రైఫిల్స్‌లో 12 అంగుళాలకి ఒక చుట్టు ఎక్కువ, వాటిల్లో 55 గ్రెయిన్ల దాకా బాగుంటుంది, 69 గ్రెయిన్ పొడుగు బుల్లెట్ వేస్తే సరిగ్గా నిలదొక్కుకోదు. నాది 9 కి ఒకటి, 40 నుంచి 69 వరకు అన్నీ కాల్చి చూశా.

అమ్యూనిషన్ ఐదు రకాలు చిన్న బాక్సులు తెచ్చి, ఇసుక సంచుల మీద పెట్టి, 100 యార్డుల్లో ఒక్కోదానికి ఐదేసి షాట్ల గ్రూపులు (ఒకే గురికి కాల్చిన గుండ్లు పడిన గుంపు, ఎంత చిన్నదైతే అంత మంచిది) ఐదు కాల్చా, మధ్యలో బ్యారెల్ చల్లారనిచ్చి. చవక 55 గ్రెయిన్ ఫుల్ మెటల్ జాకెట్ (చుట్టూ గట్టి లోహపు తొడుగున్న బుల్లెట్) రెండంగుళాలు తెరుచుకుంది. హార్నడీ వీ-మ్యాక్స్ 50 గ్రెయిన్ మాత్రం ముప్పావు అంగుళంలోపే, ఐదుకి ఐదు గ్రూపులూ. అదే రైఫిల్, అదే చెయ్యి! మూడు షాట్ల గ్రూపు ఫొటోలు చూసి మాత్రం కొనకండి, మూడు షాట్లు అదృష్టం కొద్దీ కూడా ఒకచోట పడతాయి. ఒక ఎంఓఏ (గ్రూపు సైజుని కొలిచే కోణం) అంటే 300 యార్డుల్లో మూడంగుళాల పైచిలుకు, ప్రెయిరీ డాగ్ ఒంటి వెడల్పు దాదాపు అంతే, అందుకే అరంగుళం తేడాకి నేనింత పట్టుబట్టేది. పైగా వీ-మ్యాక్స్ ప్లాస్టిక్ ముక్కు బుల్లెట్ తగలగానే చితికిపోతుంది, ఫుల్ మెటల్ జాకెట్ అయితే రాయి మీద పడి ఎటు ఎగురుతుందో తెలీదు, దూరంగా పశువులు మేస్తుంటాయి. ఏ బుల్లెట్ అయినా వెనక మట్టిగట్టు లేకపోతే కాల్చొద్దు.

గాలి గురించి ఒక్క మాట. గంటకి 10 మైళ్ల అడ్డగాలికి .223 గుండు 300 యార్డుల్లో పదంగుళాలకి పైనే జరుగుతుంది. .17 హెచ్ఎంఆర్ (ఇంకా చిన్న తూటా) 200 కే అంత జరిగిపోతుంది, 150 యార్డుల లోపు మాత్రం అది ముచ్చటైన క్యాలిబర్.

మధ్యలో ఒక సీజన్‌లో నా గ్రూపులు ఉన్నట్టుండి రెండింతలయ్యాయి. బ్యారెల్ పోయిందనే అనుకున్నా, బాధేసింది. తీరా చూస్తే స్కోప్ రింగు స్క్రూ ఒకటి వదులైంది. అప్పట్నుంచి ప్రతి ట్రిప్‌కి ముందు స్క్రూలన్నీ టార్క్ రెంచ్‌తో చూస్తా, రెండొందల రౌండ్లకోసారి గుండ్లు లోపల అంటించిన రాగి మరక వదిలేదాకా బ్యారెల్ కడుగుతా.

వీసా మీద ఉన్నవాళ్లకి, హెచ్-1బీ లాంటి వాటి మీద మామూలుగా గన్ కొనడం, దగ్గర పెట్టుకోవడం కూడా కుదరదు, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే ఫెడరల్ చట్టంలో మినహాయింపు ఉంది, రాష్ట్రం రూల్స్ వేరేగా చూసుకోండి. ర్యాంచ్ ఓనర్ పర్మిషన్ లేకుండా అడుగు పెట్టొద్దు. సౌత్ డకోటాలోని కోనాటా బేసిన్ లాంటి చోట్ల నల్లకాళ్ల ఫెర్రెట్లు (ముంగిస లాంటి అరుదైన జంతువులు) ఈ ప్రెయిరీ డాగ్స్ మీదే బతుకుతాయి, అక్కడ కాల్చనివ్వరు.

ఇంకోటి, బొరియ గట్టు మీద నిలబడిందల్లా ప్రెయిరీ డాగ్ కాదు. ఒకసారి సెట్ చెయ్యబోతూ ఆగిపోయా, తల గుండ్రంగా, కాళ్లు సన్నగా పొడుగ్గా, పసుపుపచ్చ కళ్లతో నావైపే చూస్తోంది. బొరియ గుడ్లగూబ. చట్టం కాపాడే పక్షి అది. ట్రిగ్గర్ మీంచి వేలు తీసేసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నా. మంచి స్కోప్‌కి డబ్బు పెట్టమనేది దీనికి కూడా.

527 ఇప్పుడు కొత్తది రాదు, తయారీ ఆపేశారు, వాడినదే దొరకాలి. దొరికితే బ్యారెల్ గొంతు బోర్‌స్కోప్‌తో (బ్యారెల్ లోపల చూసే సన్నటి పరికరం) చూడండి, మ్యాగజైన్లు ఎన్ని ఇస్తున్నారో అడగండి. కొత్తదే కావాలంటే మా బావమరిది వాడే టిక్కా టీ3ఎక్స్ వార్మింట్ .223 నేనూ కాల్చా, నా దానికి ఏమాత్రం తీసిపోదు. నేనైతే ఇది వదలను. పోయిన ఎండాకాలం నుంచి సీసం లేని బుల్లెట్లు మొదలుపెట్టా, మనం కాల్చి వదిలేసిన ప్రెయిరీ డాగ్స్‌ని డేగలు తింటాయి కదా, ఆ సీసం ముక్కలు వాటి కడుపులోకి పోతున్నాయి. 36 గ్రెయిన్ రాగిది ఒకటి ఇప్పటికి అంగుళం దగ్గర ఉంది, ఇంకా రెండు రకాలు కాల్చి చూడాలి.